పాత లోగోల రంగులు, కొత్త బేస్‌బాల్ జెర్సీలు: ఏది తేవాలి, ఏది వదలాలి

2019 నవంబరులో శాన్ డియాగో పాడ్రేస్ జట్టు మరుసటి ఏడాదికి కుట్టించిన యూనిఫాంను అభిమానులకు చూపించింది. యూనిఫాం కొత్తదే. రంగులు మాత్రం ఆ జట్టు మేజర్ లీగ్‌లోకి వచ్చిన 1969 నాటివి: ముక్కుపొడి రంగు, దానికి తోడు బంగారు పసుపు. అంతకుముందు దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆ జట్టు ముదురు నీలం వేసుకుని ఆడింది. అన్నేళ్ళు గడిచినా పాత రంగు కావాలని అడిగే జనం తగ్గలేదు. పోను పోను అదొక ఉద్యమమే అయింది. యాజమాన్యం చివరికి వాళ్ళ మాట విన్నది.

ఇది ఒక్క శాన్ డియాగో ముచ్చట కాదు. 2012లో బాల్టిమోర్, టొరాంటో, 2013లో హ్యూస్టన్, 2020లో మిల్వాకీ జట్లు కూడా తమ పాత పెట్టెలు తెరిచాయి. కొన్ని రంగు తీసుకున్నాయి, కొన్ని లోగో తీసుకున్నాయి, కొన్ని రెండూ తీసుకున్నాయి. పాత బొమ్మల టోపీలు దుకాణాల్లో బాగా అమ్ముడుపోతాయి కాబట్టి ఇదంతా వ్యాపారమేనని కొట్టిపారేసేవాళ్ళున్నారు. వ్యాపారం ఉన్న మాట నిజమే, దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. పాత లోగోలోని రంగుతో కొత్త జెర్సీ కుడుతున్నప్పుడు ఆ రంగుకు అక్కడ చోటు ఎందుకివ్వాలి? పాతది కావడమే చాలునా? చాలదని నా అభిప్రాయం. ఆ రంగు ఆ ఊరిదో, ఆ జట్టు పుట్టుకతో వచ్చినదో అయ్యుండాలి. మిగతా జట్ల మధ్య నిలబెడితే చూడగానే పోల్చుకునేలా ఉండాలి. ఈ రెండూ కుదిరినచోట తిరిగివచ్చిన రంగు నిలబడింది. కుదరనిచోట ఒక సాయంత్రపు వేషంగా మిగిలిపోయింది.

బేస్‌బాల్‌లో రంగుకు ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే పేర్లు చూడాలి. 1849లో న్యూయార్క్ నికర్‌బాకర్స్ క్లబ్ నీలం ఉన్ని ప్యాంటు, తెల్ల ఫ్లానెల్ చొక్కా, గడ్డి టోపీ తమ దుస్తులని తీర్మానించుకుంది. ఈ ఆటలో యూనిఫాం కథ అక్కడ మొదలవుతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత, 1869లో, బాహాటంగా జీతాలిచ్చి ఆడించిన తొలి జట్టు సిన్సినాటిలో తయారైంది. ఆటగాళ్ళకు మోకాళ్ళ దగ్గర ఆగిపోయే నిక్కర్లు వేసి కింద ఎర్రటి మేజోళ్ళు కనిపించేలా చేసింది. జట్టు పేరే రెడ్ స్టాకింగ్స్, అంటే ఎర్ర మేజోళ్ళు. ఆ ఏడాది వాళ్ళకు ఒక్క ఓటమీ లేదు. ఇవాళ్టి బోస్టన్ రెడ్ సాక్స్, చికాగో వైట్ సాక్స్, సిన్సినాటి రెడ్స్ పేర్లన్నీ మేజోళ్ళ రంగుల నుంచి వచ్చినవే. సెయింట్ లూయిస్ జట్టు 1899లో తన దుస్తుల అంచులను ముక్కుపొడి రంగు నుంచి ఎరుపుకు మార్చింది. కార్డినల్ అనే ఆ ఎరుపు పేరే జట్టు పేరయింది. అదే పేరున్న ఎర్రపిట్ట చొక్కా మీదికి వచ్చింది 1922లో. అంటే ముందు రంగు, తర్వాత పేరు, ఆ తర్వాతే పిట్ట బొమ్మ.

బాల్టిమోర్‌ది ఇంకా లోతైన కథ. మేరీలాండ్ వలసను స్థాపించిన కాల్వర్ట్ వంశానికి లార్డ్ బాల్టిమోర్ బిరుదు ఉండేది. వాళ్ళ రాజచిహ్నంలో నలుపు, బంగారు రంగు ఉంటాయి. నారింజ, నలుపు రెక్కల పిట్ట ఒకటి ఆ రంగులను తలపించిందని దానికి బాల్టిమోర్ ఓరియోల్ అని పేరు పెట్టారు. ఆ పిట్ట పేరు బేస్‌బాల్ జట్టుకు వచ్చింది. 1954లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ జట్టు ఆ ఊరికి తరలివచ్చి ఓరియోల్స్ అయినప్పుడు పిట్టతో పాటు నారింజ, నలుపు కూడా తెచ్చుకుంది. ఒక జెర్సీ అంచు మీది నారింజ గీత వెనక నాలుగు శతాబ్దాల వంశవృక్షం ఉందన్నమాట. పిట్స్‌బర్గ్‌లో నలుపు, బంగారు రంగు నగరానికి పేరిచ్చిన విలియం పిట్ వంశచిహ్నం నుంచి వచ్చాయి. 1948లో అక్కడి బేస్‌బాల్ జట్టు పైరేట్స్ వాటిని స్వీకరించింది. ఇప్పుడు ఆ ఊళ్ళో ఫుట్‌బాల్, హాకీ జట్లవీ అవే రంగులు. న్యూయార్క్ మెట్స్ 1962లో పుట్టినప్పుడు, అప్పటికే కాలిఫోర్నియాకు వెళ్ళిపోయిన డాడ్జర్స్ నీలాన్నీ, జెయింట్స్ నారింజనూ కలిపి పెట్టుకుంది. రెండు జట్లను పోగొట్టుకున్న ఊరికి ఆ జెర్సీ ఒక ఓదార్పు.

రంగుకూ జట్టుకూ ముడి తెగితే ఏమవుతుందో చూపించిన ప్రయోగం కూడా ఒకటుంది. 1882లో నేషనల్ లీగ్ ఆటగాడు నిలబడే స్థానాన్నిబట్టి చొక్కా రంగు నిర్ణయించింది. రెండు జట్లలోనూ ఒకే స్థానంలో ఆడేవాళ్ళు ఒకే రంగు చొక్కా తొడుక్కునేవాళ్ళు. ఎవరు ఏ జట్టో మేజోళ్ళను చూసి తెలుసుకోవాలి. ఆటగాళ్ళకు నచ్చలేదు, చూసేవాళ్ళకు అంతుపట్టలేదు. సీజన్ మధ్యలోనే వదిలేశారు. రంగు జట్టు కోసమే అన్నది ఆనాడే తేలిపోయింది.

ఆ తర్వాత చాలా దశాబ్దాలు బేస్‌బాల్ దుస్తులు మర్యాదగా, ఒకే తీరున నడిచాయి. సొంత ఊళ్ళో తెలుపు, పరాయి ఊళ్ళో బూడిద రంగు. టోపీ, మేజోళ్ళు, అక్షరాల్లో మాత్రమే జట్టు రంగు. ఈ కట్టుబాటును ముందుగా గట్టిగా తెంచినవాడు చార్లీ ఫిన్లీ. 1963లో, అప్పుడు కాన్సాస్ సిటీలో ఉన్న తన అథ్లెటిక్స్ జట్టుకు ఆయన ఆకుపచ్చ, బంగారు రంగు దుస్తులు తొడిగించాడు. తర్వాత తెల్ల బూట్లు కూడా వేయించాడు. జనం వింతగా చూశారు. అదే జట్టు ఓక్లండ్ వెళ్ళి 1972, 73, 74ల్లో వరసగా మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచాక ఆ రంగులు ఎవరికీ వింతగా తోచలేదు.

1970 జూలైలో పిట్స్‌బర్గ్ పైరేట్స్ కొత్త స్టేడియంలోకి అడుగుపెడుతూ ఉన్ని ఫ్లానెల్‌ను వదిలి డబుల్ నిట్ బట్టతో కుట్టిన సాగే యూనిఫాం వేసుకుంది. కొన్నేళ్ళలో లీగ్ అంతా ఆ దారి పట్టింది. కొత్త బట్ట తేలిక, రంగు నిండుగా పట్టేది. ఇంటింటికీ కలర్ టీవీ వస్తున్న రోజులవి. బూడిద రంగు తెర మీద వెలవెలబోయేది. అందుకే పరాయి ఊళ్ళో వేసుకునే జెర్సీలు లేత ఆకాశనీలానికి మారాయి. శాన్ డియాగో 1972లో నిలువెల్లా పసుపు తొడుక్కుంది. హ్యూస్టన్ 1975లో పసుపు, నారింజ, ఎరుపు అడ్డచారలను పొట్ట చుట్టూ తిప్పి, నీలం నక్షత్రం అతికించి, ప్యాంటు మీద కూడా అంకె వేసింది. ఆ జెర్సీనే సొంత ఊళ్ళోనూ బయటా వేసుకున్నారు. ఫిలడెల్ఫియా 1979 మే 19న నఖశిఖపర్యంతం ముదురు మెరూన్‌లో దిగి, ఒక్క ఆటతో ఆ దుస్తులను మూలన పడేసింది.

ఈ దశాబ్దాన్ని అభిరుచి లేని కాలమని చాలామంది తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. కోత, అమరిక అతిగా ఉండేవి నిజమే. కానీ ఏ జట్టు ఏదో వంద గజాల దూరం నుంచే తెలిసేది. కప్పల తక్కెడలాంటి రంగుల గుంపులో కూడా ప్రతి జట్టుకూ సొంత గుర్తింపు ఉన్న కాలమది. తర్వాతి తరం యజమానులు అతిని కత్తిరించబోయి రంగునే కోసేశారు.

అది ఇలా జరిగింది. 1990 జూలై 11న చికాగో వైట్ సాక్స్ తన పాత కమిస్కీ పార్క్‌లో ఒక ఆటకు 1917 నాటి యూనిఫాం వేసుకుంది. ఇప్పుడు త్రోబ్యాక్ అంటున్న పద్ధతికి అదే తొలి అడుగు. కొద్దికాలానికే అదే జట్టు యాభైల నాటి పాత అక్షరాల లోగోను నలుపు, వెండి రంగుల్లో మళ్ళీ తెచ్చింది. ఆ నల్ల టోపీని సంగీతకారులు, ఆటతో సంబంధం లేని యువకులు ఎగబడి కొన్నారు. 1992లో బాల్టిమోర్‌లో క్యామ్‌డెన్ యార్డ్స్ స్టేడియం తెరిచాక పాతకాలపు ఇటుక గోడల స్టేడియంలకు గిరాకీ పెరిగింది. వాటికి తగ్గట్టు దుస్తులు కూడా ‘పెద్దమనిషి తరహా’లో ఉండాలన్న మాట బలపడింది. దాంతో జట్లు ముదురు నీలం వైపూ నలుపు వైపూ పరుగెత్తాయి. మిల్వాకీ 1994లో తన నిండు నీలం వదిలి ముదురు నీలం, ఆకుపచ్చకు మారింది. మెట్స్ 1998లో నలుపు కలిపింది. హ్యూస్టన్ 2000లో ఇటుక ఎరుపు, ఇసుక రంగు కట్టుకుంది. 2004లో టొరాంటో తన నీలాన్ని పక్కకు నెట్టి నలుపు, బూడిద ఎక్కించింది. ఒక్కో మార్పు విడిగా చూస్తే సబబుగానే కనిపిస్తుంది. అన్నీ కలిపి చూస్తే మాత్రం లీగ్ నిండా ముదురు నీలమూ ఎరుపే. బోస్టన్, అట్లాంటా, క్లీవ్‌ల్యాండ్, మినెసోటా, వాషింగ్టన్ జట్ల అక్షరాలు చెరిపేసి పక్కపక్కన పెడితే కొత్తగా చూసేవాడు తికమకపడతాడు.

శాన్ డియాగో సంగతి ఇక్కడ విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రశ్నలోని మంచిచెడ్డలన్నీ ఆ ఒక్క జట్టు చొక్కాల్లో ఉన్నాయి.

పాడ్రే అంటే క్రైస్తవ మతగురువు. 1769లో హునిపెరో సెర్రా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి అక్కడ కట్టిన మిషన్‌తో ఆ ఊరు మొదలైంది. 1936లోనే పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో పాడ్రేస్ పేరుతో ఒక జట్టు ఉండేది. 1969లో మేజర్ లీగ్ జట్టు ఆ పేరును అందుకుంది. బొద్దుగా, నవ్వుతూ బ్యాటు తిప్పే సన్యాసి లోగోలోకి వచ్చాడు. ఫ్రాన్సిస్కన్ సన్యాసి అనగానే జనం కళ్ళకు కట్టే అంగీ రంగు ముక్కుపొడి రంగే. అంటే ఈ రంగు కొనితెచ్చుకున్నది కాదు, జట్టు పేరులోంచి పుట్టింది. లీగ్‌లో ఇంకెవరికీ లేదు కూడా.

అయినా ఆ రంగును వాళ్ళు నిలకడగా ఉంచుకోలేదు. 1972 నాటి పచ్చటి పసుపు, తర్వాత ఛాతీ మీద పెద్ద పలకలాంటి అతుకు, ఆపైన నారింజ కలిపిన మూడు రంగుల మిశ్రమం. ఊరూరా నవ్వులపాలయ్యారు. 1984లో జట్టు తొలిసారి వరల్డ్ సిరీస్ చేరినప్పుడు ఆ ముక్కుపొడి, నారింజ కలగలుపులోనే ఆడింది. మరుసటి ఏడాదే పసుపు తీసేశారు. 1991లో ముక్కుపొడి రంగు కూడా పోయి ముదురు నీలం వచ్చింది. 2004లో కొత్త స్టేడియం తెరిచినప్పుడు ముదురు నీలానికి ఇసుక రంగు తోడైంది. ఇలా కొన్నేళ్ళకోసారి ఏదో ఒకటి మార్చుతూనే పోయారు.

ముదురు నీలానికి కూడా తన వాదన ఉంది, దాన్ని కాదనడం న్యాయం కాదు. 1998లో జట్టు రెండోసారి వరల్డ్ సిరీస్‌కు వెళ్ళింది నీలంలోనే. టోనీ గ్విన్ 1982 నుంచి 2001 వరకూ ఈ ఒక్క జట్టుకే ఆడిన మనిషి. ఆయన తొలి ఏళ్ళు ముక్కుపొడి రంగులో, మలి ఏళ్ళు నీలంలో గడిచాయి. తొంభైల్లో పెరిగిన పిల్లలకు పాడ్రేస్ అంటే నీలమే. మరి ఎవరి జ్ఞాపకానికి విలువివ్వాలి? నా దృష్టిలో ఇక్కడ తీర్పు జ్ఞాపకాల సంఖ్యను బట్టి రాదు. నీలం ఎక్కడైనా దొరుకుతుంది, డజను జట్లకు ఉంది. ముక్కుపొడి రంగు శాన్ డియాగోకు తప్ప ఇంకెక్కడా పొసగదు. ఆ ఒక్క కారణం చాలు.

2020 యూనిఫాంలో నాకు బాగా నచ్చింది రంగు తిరిగిరావడం కన్నా, తెచ్చిన తీరు. ఛాతీ మీది పలక రాలేదు. నిలువెల్లా పసుపు రాలేదు. సొంత ఊళ్ళో తెల్లచొక్కా మీద ముక్కుపొడి రంగు సన్నగీతలు; బయట ముక్కుపొడి జెర్సీ, లేదా ఇసుక రంగు మీద అవే గీతలు. బంగారు పసుపును అక్షరాలకూ అంచులకూ పరిమితం చేశారు. పాత లోగో నుంచి రంగును తీసుకుని, పాలు మాత్రం మార్చారు. డెబ్బైల్లో జనం నవ్వింది రంగును చూసి కాదనీ, దాన్ని పులిమిన తీరును చూసనీ ఇప్పుడు అర్థమవుతుంది. కొత్త దుస్తుల తొలి ఏడాది కరోనా వల్ల స్టేడియంలు ఖాళీగా ఉన్నాయి. అయినా ఆ ఆగస్టులో జట్టు వరసగా నాలుగు ఆటల్లో, ఒకే దెబ్బకు నాలుగు పరుగులు తెచ్చే గ్రాండ్ స్లామ్‌లు కొట్టింది, లీగ్ చరిత్రలో ఎవరూ చేయనిది. 2006 తర్వాత తొలిసారి ప్లేఆఫ్స్‌కు చేరింది. గెలుపు రంగును నాటేస్తుంది. ఓక్లండ్‌లో జరిగిందే ఇక్కడా జరిగింది.

హ్యూస్టన్ కూడా ఇదే తెలివి చూపించింది. 1962లో కోల్ట్ 45స్‌గా మొదలైనప్పటి నారింజ, ముదురు నీలాలను 2013లో అమెరికన్ లీగ్‌లోకి మారుతూ తిరిగి తెచ్చుకుంది. అందరికీ గుర్తున్నది మాత్రం ఇంద్రధనుస్సు చారల జెర్సీ. దాన్నే ప్రధాన యూనిఫాం చేయాలన్న మోజు ఎంత ఉండి ఉంటుందో ఊహించవచ్చు. వాళ్ళు ఆ చారలను ఒక అదనపు జెర్సీ పక్క అంచులకు సర్ది, ప్రధాన దుస్తుల్లో నారింజ నక్షత్రాన్నీ హెచ్ అక్షరాన్నీ మాత్రం ఉంచారు. చారలు పండగపూటవి, నారింజ నిత్యం వాడుకునేది అని తేల్చుకున్నారు.

మిల్వాకీది మరో దారి. 1970లో సియాటిల్ పైలట్స్ దివాలా తీసి ఆ ఊరికి చేరినప్పుడు సీజన్ మొదలవడానికి కొద్ది రోజులే ఉంది. కొత్తవి కుట్టించే వ్యవధి లేక పైలట్స్ చొక్కాల మీది అక్షరాలు ఊడదీసి బ్రూయర్స్ అని అతికించారు. వాళ్ళ నీలం, బంగారు రంగు అలా వారసత్వంగా వచ్చినవి. 1977లో పెట్టిన పోటీలో టామ్ మైండెల్ అనే విద్యార్థి ఎమ్, బీ అక్షరాలతో చేతి తొడుగునూ అందులో బంతినీ తీర్చిన లోగో గెలిచింది. మరుసటి ఏడాది నుంచి 1993 దాకా అదే నడిచింది. 1982 వరల్డ్ సిరీస్ ఆడింది దానితోనే. 2020లో ఆ బొమ్మ తిరిగి వచ్చింది. నీలాన్ని మాత్రం ముదురుగానే ఉంచారు, సొంత ఊరి చొక్కాను మీగడ రంగు చేశారు. మిల్వాకీకి అక్కడి మీగడ రంగు ఇటుకల వల్ల క్రీమ్ సిటీ అని పాత పేరు. అది సరైన ఆలోచన. కానీ ఎనభైల నిండు నీలం వదిలేసినందుకు నాకు లోటుగానే ఉంది. బొమ్మ అప్పటిది, నీలం తొంభైలది, అతుకు కనిపిస్తుంది. బాల్టిమోర్ 2012లో నవ్వే కార్టూన్ పిట్టను టోపీ మీదికి తెచ్చినప్పుడు ఇలాంటి అతుకే లేదు, ఎందుకంటే రంగు ఎన్నడూ మారలేదు. టొరాంటో అదే ఏడాది తన తొలి లోగోను కాస్త సరిదిద్ది, నలుపును తుడిచేసి, నీలానికి వచ్చేసింది. ఇంత శుభ్రంగా జరిగిన పునరాగమనం ఇంకొకటి లేదు, దాని గురించి చెప్పడానికి ఇంతకన్నా లేదు.

ఇక అసలు పాత రంగు ఏదో కనిపెట్టడమే పెద్ద పని. 1920లకు ముందు తీసిన చాలా ఫొటోలు ఎరుపును పట్టుకోలేని పలకల మీద తీసినవి. వాటిలో ఎర్ర మేజోళ్ళు నల్లగా పడతాయి, నీలం తేలిపోయి తెల్లబారుతుంది. ఫొటో ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎర్రజట్టు నల్లజట్టయిపోతుంది. అందుకే పరిశోధకులు ఆనాటి వార్తాపత్రికల వర్ణనలు, మిగిలిన చొక్కాలు, రంగుల అచ్చు కార్డులు పక్కన పెట్టుకుని సరిచూస్తారు. మార్క్ ఒక్కొనెన్ ఇరవయ్యో శతాబ్దపు బేస్‌బాల్ యూనిఫాంలన్నిటినీ ఇలా వెతికి, చేత్తో బొమ్మలు గీసి 1991లో పుస్తకంగా తెచ్చాడు. కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్ ఆ బొమ్మలతోనే తన యూనిఫాంల భాండాగారాన్ని నిలబెట్టింది. ఈ రంగంలో పనిచేసే ప్రతివాడూ ఆయనకు బాకీ ఉన్నాడు.

చొక్కా దొరికినా చిక్కు తీరదు. ఉన్ని మీది రంగు వందసార్లు ఉతికి, ఎండలో ఆరి వెలిసిపోయి ఉంటుంది. వెలిసిన రంగును తేవాలా, మొదటి రోజు రంగును తేవాలా? మొదటి రోజుదే తేవాలంటాను. వెలిసిపోవడం బట్టకు జరిగింది, జట్టు ఎంచుకున్నది కాదు. పైగా ఉన్నికి పట్టే రంగు మందులు వేరు, పాలియెస్టర్‌కు పట్టేవి వేరు. నమూనాకు అచ్చంగా సరిపోయిందనుకున్న రంగు ఎండలో ఒకలా, రాత్రి దీపాల కింద ఇంకోలా కనిపించవచ్చు. 1935 మే 24న సిన్సినాటిలో నేషనల్ లీగ్ తొలి రాత్రి ఆట జరిగినప్పటి నుంచి ఈ తలనొప్పి ఉంది. 1944లో బ్రూక్లిన్ డాడ్జర్స్ రాత్రి ఆటల కోసం మెరిసే సాటిన్ యూనిఫాంలు కుట్టించుకుంది కూడా. 2024లో నైకీ రూపొందించి ఫెనటిక్స్ కుట్టిన కొత్త యూనిఫాంల మీద ఆటగాళ్ళు మండిపడ్డారు. ప్యాంట్లు పలచగా ఉన్నాయి, వీపు మీద పేర్లు చిన్నవయ్యాయి, బూడిద రంగు చొక్కాకూ ప్యాంటుకూ పొంతన లేదు అన్నారు. ఒకే జట్టు ఒకే రోజు వేసుకున్న బూడిద రంగే కుదరనప్పుడు, యాభై ఏళ్ళ నాటి ముక్కుపొడి రంగును కుదర్చడం ఎంత పనో ఆలోచించండి.

అంకె కనిపించాలన్నది మరో షరతు. ముదురు నీలం మీద ఎర్ర అంకె వేస్తే పై వరసలో కూర్చున్నవారికి అది మరకలా ఉంటుంది. చుట్టూ తెల్లగీత గీయక తప్పదు. ముక్కుపొడి రంగు మీద పసుపు, నలుపు మీద నారింజ ఏ ఆసరా లేకుండానే చదవగలం. పాత లోగో గీసినవాళ్ళు దూరం నుంచి చూసే కళ్ళ కోసమే గీశారు కాబట్టి ఈ జోడీలు ఊరికే పుట్టలేదు.

పాతదంతా తేదగింది కాదు. క్లీవ్‌ల్యాండ్ జట్టు అమెరికా ఆదివాసులను వెక్కిరించేలా గీసిన చీఫ్ వాహూ బొమ్మను 2018 సీజన్ తర్వాత జెర్సీ నుంచి తీసేసింది. 2022 నుంచి ఇండియన్స్ అన్న పేరు కూడా మార్చి గార్డియన్స్ అయింది. ఊళ్ళోని వంతెన మీద 1932 నుంచి నిలబడి ఉన్న పెద్ద శిల్పాల పేరది. కానీ ముదురు నీలం, ఎరుపు అలాగే ఉంచుకుంది. బొమ్మకు పాపం అంటవచ్చు గానీ రంగుకు అంటదని ఆ నిర్ణయం చెప్తుంది. పాత లోగోల నుంచి రంగులు మాత్రమే తీసుకోవాలనే పద్ధతికి ఇంతకన్నా గట్టి సమర్థన నాకు తోచలేదు.

ఇంకో వైపు, ఎప్పుడో తెరవాల్సిన పెట్టె ఒకటి చాలాకాలం మూసి ఉంది. నల్లజాతి ఆటగాళ్ళను మేజర్ లీగ్‌లోకి రానివ్వని రోజుల్లో వాళ్ళు నడుపుకున్న నీగ్రో లీగ్‌ల జట్లకు తమ లోగోలూ, రంగులూ ఉండేవి: కాన్సాస్ సిటీ మొనార్క్స్, హోమ్‌స్టెడ్ గ్రేస్, పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్. ఆ లీగ్‌లకు మేజర్ లీగ్ హోదా దక్కింది 2020 డిసెంబరులో. 2024 జూన్ 20న అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో, 1910లో కట్టిన రిక్‌వుడ్ ఫీల్డ్‌లో శాన్ ఫ్రాన్సిస్కో, సెయింట్ లూయిస్ జట్లు సీ లయన్స్, స్టార్స్ అనే పాత నీగ్రో లీగ్ జట్ల దుస్తులు వేసుకుని ఆడాయి. అక్కడే కుర్రాడిగా ఆడిన దిగ్గజం విల్లీ మేస్ రెండు రోజుల ముందే కన్నుమూశాడు. ఇలాంటి దుస్తులు ఏడాదికొక రోజు గౌరవసూచకంగా వేసి విప్పేస్తే సరిపోదు. కాన్సాస్ సిటీలో, పిట్స్‌బర్గ్‌లో ఆ రంగులు ఆ ఊళ్ళ చరిత్రలో సగం. వాటికి ప్రధాన యూనిఫాంలో, కనీసం చేతి మీది బొమ్మలో, శాశ్వతమైన చోటివ్వాలి.

టాంపా బే 2012లో ఇంకో తమాషా దారి చూపింది. 1998లో పుట్టిన జట్టు, తాను 1979లో ఉండి ఉంటే ఎలా ఉండేదో ఊహించి ఒక జెర్సీ కుట్టించుకుంది. అందంగానే ఉంది, జనానికి నచ్చింది. కానీ గతం లేనిచోట గతాన్ని కల్పించడం వేరు, ఉన్న గతాన్ని గౌరవించడం వేరు. దాన్ని నేను ఈ లెక్కలో చేర్చను. అంతకన్నా హిరోషిమా కార్ప్ నిజాయితీ నచ్చుతుంది. ఆ జపాన్ జట్టు 1975లో జో లుట్జ్ మేనేజరుగా వచ్చాక పాత ముదురు నీలం టోపీ తీసేసి ఎర్రది పెట్టుకుంది. అదే ఏడాది తొలిసారి లీగ్ గెలిచింది. కొత్త రంగు అలా ఒక్క సీజన్‌లో సంప్రదాయమైపోయింది.

మనవైపు ఇలాంటిది జరిగింది క్రికెట్‌లో. 2020 చివర ఆస్ట్రేలియా పర్యటనలో భారత జట్టు 1992 ప్రపంచకప్ నాటి ముదురు నీలం, భుజాల చారల జెర్సీని తలపించేది వేసుకుంది. ఆ కప్పులో మనం పెద్దగా గెలిచింది లేదు, అయినా చూసినవాళ్ళు కదిలిపోయారు. రంగుల జెర్సీల్లో భారత జట్టు ఆడిన తొలి ప్రపంచకప్ అది కావడమే కారణం. పుట్టుకకు ఉన్న బలం గెలుపుకు కూడా లేదు. అదే హైదరాబాద్ ఐపీఎల్ విషయంలో చూడండి. 2009లో కప్పు గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ పోయాక వచ్చిన సన్‌రైజర్స్ వేరే సంస్థ, వేరే రంగు. ఊరు ఒకటే అయినా పాత రంగుకు వారసులు లేరు. యజమాని మారితే రంగు అనాథ కాకూడదన్న పట్టింపు అమెరికా బేస్‌బాల్ ఊళ్ళలో ఉంది, మన లీగ్‌లకు ఇంకా రాలేదు.

వ్యాపారం గురించి చెప్తానన్నాను. నైకీ 2020లో లీగ్ యూనిఫాంల బాధ్యత తీసుకుంది. 2021 నుంచి సిటీ కనెక్ట్ పేరుతో ఒక్కో ఊరికి ఒక్కో ప్రత్యేక జెర్సీ వస్తోంది. బోస్టన్ జట్టు ఎరుపు వదిలి మారథాన్ పరుగు రంగులైన పసుపు, నీలం వేసుకుంది. మయామీ జట్టు హవానాలో ఒకప్పుడు ఆడిన షుగర్ కింగ్స్‌ను తలుచుకుంటూ ఎర్రబారింది. మయామీది నిజమైన చరిత్ర, అందులో క్యూబా నుంచి వచ్చిన కుటుంబాల గుండె ఉంది. చాలావాటిలో మాత్రం కొనేవాళ్ళే కనిపిస్తారు. ఒక్కో జట్టుకు నాలుగు మామూలు యూనిఫాంలు, ఒక సిటీ కనెక్ట్ అనే హద్దు పెట్టాక ఇరుకు పెరిగింది. ఈ ఇరుకులో పాత రంగును అదనపు జెర్సీగా నెట్టుకురావడం కష్టం. అందుకే ఆ రంగును నేరుగా ప్రధాన యూనిఫాంలోకే తీసుకోవడం మంచిది. శాన్ డియాగో, హ్యూస్టన్, టొరాంటో చేసింది అదే.

తర్వాత వంతు అరిజోనాది కావాలని నా కోరిక. 1998లో డైమండ్‌బ్యాక్స్ పుట్టినప్పుడు నేరేడుపండు రంగు, నెమలికంఠం రంగు, రాగి కలిపి వేసుకుంది. 2001లో ఆ రంగుల్లోనే యాంకీస్‌ను ఏడో ఆటలో ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచింది. 2007లో వాటిని వదిలి ఎర్రమన్ను రంగుకు వెళ్ళింది. 2016లో నెమలికంఠం కొంత తిరిగివచ్చింది గానీ, అంచుల్లోనే ఆగిపోయింది. ఎర్రమన్ను వాళ్ళ ఎడారిదే, కాదనను. కానీ లీగ్‌లో ఎరుపుకు కొదవ లేదు. నేరేడు రంగు కొలరాడో జట్టుకూ ఉంది కాబట్టి అదొక్కటే తెస్తే చాలదు. నెమలికంఠంతో జోడించిన నేరేడు మాత్రం ఇంకెవరికీ లేదు. ఆ జోడీని సొంత ఊరి తెల్లచొక్కా మీద, టోపీ మీద శాశ్వతంగా పెట్టాలి.